గ్రామ పాలనలో స్త్రీ – మన దృక్పథం

గ్రామ పాలనలో స్త్రీకి స్థానం ఉండాలా అనే ప్రశ్నకు చట్టం ఎన్నడో సమాధానమిచ్చింది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడో వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించింది. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వారి వాటా సగం. ఇక తేలవలసినది ప్రజల మనసులోని మాట.

కొడిమ్యాల మండలాన్నే తీసుకుందాం. ఈ మండలం చొప్పదండి శాసనసభ నియోజకవర్గంలోనిది. అక్కడ 2014లో బొడిగె శోభ గెలిచారు. 2019లో జగిత్యాల జిల్లా పరిషత్తుకు దావ వసంత అధ్యక్షురాలయ్యారు. అంటే స్త్రీకి ఓటు వేయడానికి ఈ ప్రాంత ప్రజలు వెనుదీయలేదు. కాని ఓటు వేయడం వేరు, ఆమె మాట వినడం వేరు. మన రాష్ట్రంలోని అనేక గ్రామాలలో సర్పంచి స్త్రీ అయినా, అధికారులతో మాట్లాడేది, పంచాయితీలు తీర్చేది ఆమె భర్తే. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది.

ఆమెకు సమర్థత లేదందామా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎందరో పురుషులు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. వారి ఇండ్లలో పొలం, బ్యాంకు, అప్పు, పిల్లల చదువు స్త్రీయే చక్కదిద్దుతున్నది. బీడీలు చుట్టి సంసారం ఈదుతున్నది. ఇంటి భారమంతా మోయగల స్త్రీ ఊరి నీటి కుళాయి గురించి మాట్లాడలేదా?

ఈ వైరుధ్యం మన ఒక్కరిదే కాదు. ముస్లింలు అత్యధిక సంఖ్యాకులైన ఇండోనేషియాలోని జావా సమాజం భార్యను ‘కంచో వింగ్కింగ్’, అనగా వెనుక ఉండే తోడు అని పిలిచేది. 1999 ఎన్నికలలో మేగావతి పక్షం ప్రథమ స్థానంలో నిలిచినా, స్త్రీ దేశాధ్యక్షురాలు కారాదని కొన్ని ముస్లిం పక్షాలు వాదించాయి. 2001లో ఆమె అధ్యక్షురాలయ్యారు. అలా వాదించిన పక్షాలలో ఒకదాని నాయకుడు హమ్జా హజ్ ఆమెకే ఉపాధ్యక్షుడయ్యారు! అభ్యంతరాలలో ధర్మమెంత, రాజకీయమెంత అన్నది పాఠకులే గ్రహించగలరు.

ధర్మం మాటకు వస్తే, పర్షియా రాణి సందర్భంలోని హదీసును ఆధారం చేసుకుని అధిక సంఖ్యాక పండితులు సర్వోన్నత పాలనాధికారం స్త్రీకి తగదన్నారు. కొందరు ఆధునిక పండితులు దానిని ఆ సందర్భానికే పరిమితం చేశారు. వార్డు సభ్యత్వం సర్వోన్నతాధికారం కాదు కదా! దివ్య ఖుర్ఆన్ నమ్ల్ సూరాలో సబా రాణి తన ప్రముఖులను సంప్రదించి నిర్ణయం తీసుకున్న తీరు కూడా మన ముందున్నది.

మనకు ఆదర్శాలు కరువు కాలేదు. హైదరాబాదుకు చెందిన మాసూమా బేగం 1952లోనే శాసనసభకు ఎన్నికై, 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. కావున రిజర్వు స్థానానికి ఇంటి ఆడపడుచును నిలబెట్టే పెద్దలు ఒక్కటి నిశ్చయించుకోవాలి: గ్రామసభలో ఆమె మాట్లాడుతున్నప్పుడు తాము శ్రోతలుగా కూర్చోవాలి. స్థానం చట్టం ఇస్తుంది; గౌరవం మనమే ఇవ్వాలి.