కళాశాల ఫీజు పాత బాకీలు – తీర్చుకొను విధము

బిడ్డ చదువు ముగిసి మూడు నాలుగేండ్లు గడచినవి. ఉద్యోగమునకు పిలుపు వచ్చినది. కాని పదవ తరగతి, ఇంటరు అసలు ధ్రువపత్రములు కళాశాల బీరువాలో ఉన్నవి. బాకీ చెల్లించి తీసికొని పొమ్మని కళాశాలవారి సమాధానము. తండ్రి సిగ్గుపడి కళాశాల గడప త్రొక్కడు. నూటికి మూడు వడ్డీకైనను తెచ్చి కట్టుదమని తల్లి తొందరపడును. ఇట్టి చిక్కులో నున్న కుటుంబములకు ఉపయోగపడు విషయములను కొన్నింటిని ఇచట వివరించుచున్నాము.

మొదట లెక్క తేల్చుకొనవలెను

ఏ సంవత్సరమునకు, ఏ పద్దు క్రింద, ఎంత బాకీ యున్నదో వ్రాసి యిమ్మని కళాశాలవారిని కోరవలెను. బోధనా రుసుము వేరు. హాస్టలు, బస్సు ఖర్చులు వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుండి విస్తరించిన ఫీజు రీయింబర్సుమెంటు పథకము క్రింద, అర్హులైన విద్యార్థుల బోధనా రుసుమును ప్రభుత్వము భరించుచు వచ్చినది. ఆ సొమ్ము విడుదల ఆలస్యమైనపుడు కళాశాలలు విద్యార్థినే అడుగుట కలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆ సొమ్ము తల్లుల బ్యాంకు ఖాతాలకు జమయైనది. దానిని కళాశాలకు చెల్లించు బాధ్యత కుటుంబమునకు ఉండెను. కావున పాసుపుస్తకమును, పాత రసీదులను దగ్గర నుంచుకొని లెక్క సరిచూచుకొనవలెను. ప్రభుత్వమునుండి కళాశాలకు ముట్టిన సొమ్మును మరల మనము చెల్లింపనక్కరలేదు. మన ఖాతాకు వచ్చి ఇంటి ఖర్చులకు వాడుకొన్నది మాత్రము మన బాకీయే.

ధ్రువపత్రములు తాకట్టు వస్తువులు కావు

ప్రవేశ సమయమున అసలు ధ్రువపత్రములను పరిశీలించి వెంటనే తిరిగి యిచ్చివేయవలెనని, వానిని కళాశాలలో ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ గ్రాంట్సు కమిషను 2018లో ప్రకటించినది. బాకీ రాబట్టుకొనుటకు కళాశాలకు వేరు మార్గములు కలవు. పత్రములను బిగపట్టుట అందులో ఒకటి కాదు. ముందుగా ప్రిన్సిపాలుకు వ్రాతమూలకముగా అర్జీ పెట్టి, నకలుపై అందినట్లు సంతకము తీసికొనవలెను. ఫలితము లేనిచో ఆ నకలుతో విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు ఫిర్యాదు చేయవచ్చును.

కాలదోషము సంగతి

ప్రోనోటుకు మూడేండ్లు దాటిన కాలదోషము పట్టునని, నోటు వెనుక చెల్లు వేసినచో గడువు పెరుగునని మన రైతులకు తెలిసినదే. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి ఫీజు బాకీ దావాకును సాధారణముగా మూడేండ్లే గడువు. ఆ లోపల బాకీ నొప్పుకొని సంతకము చేసినచో ఆ దినమునుండి గడువు మరల మొదలగును. గడువు మీరిన పిమ్మట సైతము, చెల్లింతునని వ్రాసి సంతకము చేసినచో ఆ వ్రాతపై దావా చెల్లును. కనుక మొత్తము సరిచూడక ఏ కాగితముపైనను సంతకము చేయరాదు.

రాజీ మార్గము

నిజమైన బాకీ తేలిన పిమ్మట, ఒకేసారి ఇంత యిచ్చెదమనియో, నెలకింత చొప్పున కట్టెదమనియో కళాశాలతో మాటాడుకొనవచ్చును. కుదరనిచో దావా వేయకముందే లోక్ అదాలత్ నాశ్రయింపవచ్చును. అచట కోర్టు రుసుము లేదు. అచటి పరిష్కారము డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు గనుక బాగుగా ఆలోచించియే సమ్మతింపవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా న్యాయ సహాయమొసగును. 15100 నంబరుకు ఫోను చేసి వివరములు తెలిసికొనవచ్చును.

ఋణశేషమును, అగ్నిశేషమును ఉంచరాదని పెద్దలందురు. తుది కంతు చెల్లించిన దినముననే బాకీ లేదను పత్రమును వ్రాయించుకొని భద్రపరచవలెను. సిగ్గుపడి దాగుటవలన బాకీ తీరదు. భయపడి అధిక వడ్డీకి తెచ్చుటవలన ఒక బాకీ పోయి మరియొకటి వచ్చును. లెక్క చేతబట్టుకొని కళాశాలకు పోయినవారికి బిడ్డ పత్రములు అడిగి తెచ్చుకొను ధైర్యము కలుగును.