విమానంలో పొగ వాసన వస్తే...

విమానంలో క్యాబిన్ సిబ్బంది అసలు పని ప్రయాణికుల భద్రత. టీలు, భోజనాలు అందించడం ఆ తర్వాతే. అందుకే ఒక విమానంలో ఎంతమంది సిబ్బంది ఉండాలో సీట్ల సంఖ్యను బట్టి నిబంధనలే నిర్ణయిస్తాయి. మన దేశంలో సుమారు యాభై సీట్లకు ఒకరు ఉండాలి. 180 సీట్ల విమానంలో నలుగురు కనిపించేది ఈ లెక్క ప్రకారమే. మంటలు ఆర్పడం, అత్యవసర ద్వారాలు తెరవడం, ప్రథమ చికిత్స చేయడం వంటివన్నీ వారు ఉద్యోగంలోకి వచ్చేముందే నేర్చుకుంటారు. ఆ తర్వాత కూడా ఏటా శిక్షణ తీసుకుని పరీక్ష నెగ్గాలి.

టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో సిబ్బంది తమ మడత సీట్లలో మౌనంగా కూర్చుంటారు. చూసేవారికి ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ నిమిషాల్లో ప్రతి ఒక్కరూ చేయాల్సిన పనులను మనసులో వల్లె వేసుకుంటారు. తన వంతు తలుపు ఏది, దాన్ని ఎలా తెరవాలి, ప్రయాణికులకు ఏమని అరిచి చెప్పాలి, ఎవరికి చేయూత కావాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. విమానం పైకి చేరాక టాయిలెట్లను, గ్యాలీలోని ఓవెన్లను తరచూ చూసుకుంటారు. కొత్త శబ్దం, కాలిన వాసన, ఎక్కడైనా తగిలిన వేడి, ఏదీ తేలిగ్గా తీసుకోరు.

అనుమానం రాగానే కాక్‌పిట్‌కు చెప్పాలి. పైలట్లు మూసిన తలుపు వెనుక ఉంటారు కాబట్టి క్యాబిన్‌లో జరిగేది వారికి కనిపించదు. ఇంటర్‌ఫోన్‌లో సిబ్బంది చెప్పే మాటలే వారికి ఆధారం. పొగ ఎక్కడ ఉంది, ఏ రంగులో ఉంది, పలుచగా ఉందా దట్టంగా ఉందా, వాసన ఎలాంటిది, ఇప్పటికే ఏం చేశారు అన్నవి క్లుప్తంగా చెప్పాలి. సొంత ఊహలు కలపకూడదు. పది వేల అడుగుల లోపు ఎత్తులో ఉన్నప్పుడు కాక్‌పిట్‌తో అనవసరంగా మాట్లాడకూడదన్నది నియమం. భద్రతకు సంబంధించిన సంగతికి మాత్రం ఆ నియమం అడ్డు కాదు.

మంట అయితే పని ముగ్గురి మధ్య పంచుతారు. మొదట చూసినవారు ఆర్పడానికి దిగుతారు, రెండోవారు కెప్టెన్‌కు చెబుతారు, మూడోవారు మంటలార్పే అదనపు సిలిండర్లు తెచ్చిస్తూ ప్రయాణికులను దూరం జరుపుతారు. టాయిలెట్‌లోంచి పొగ వస్తుంటే తలుపును ఒక్కసారిగా తెరవరు. ముందు చేతి వెనుక భాగం ఆనించి వేడి చూస్తారు. పొగ ముసుగు తొడుక్కుని, తలుపు సందు మేరకే తెరిచి, హాలన్ వాయువు చిమ్మి వెంటనే మూసేస్తారు. బార్లా తెరిస్తే గాలి తగిలి మంట ఎగదన్నుతుంది. ఆరిన తర్వాత కూడా మళ్లీ రాజుకోకుండా ఒకరు కాపలా ఉంటారు. 1983 జూన్ 2న ఎయిర్ కెనడా విమానం 797 వెనుక టాయిలెట్ దగ్గర మంటలు రేగాయి. విమానం సిన్సినాటిలో దిగి తలుపులు తెరుచుకున్నాక మంట క్యాబిన్ అంతటా వ్యాపించింది. 46 మందిలో 23 మంది చనిపోయారు. విమాన టాయిలెట్లలో పొగను పసిగట్టే పరికరాలు తప్పనిసరి కావడానికి ఆ ప్రమాదమే దారితీసింది.

ఇప్పుడు ఎక్కువ భయం లిథియం బ్యాటరీలతో. ఫోను గానీ పవర్‌బ్యాంకు గానీ అంటుకుంటే ముందు హాలన్‌తో మంట ఆర్పి, తర్వాత నీళ్లు పోస్తూనే ఉంటారు. లోపలి వేడి తగ్గకపోతే బ్యాటరీ మళ్లీ మండుతుంది. ఐసు ముక్కలు పెట్టకూడదు, అవి వేడిని లోపలే బంధిస్తాయి. విమానం అడుగునున్న సామాన్ల అరలో మంట పుడితే అక్కడికి ఎవరూ చేరలేరు. ప్రయాణికుడు పవర్‌బ్యాంకును చెక్-ఇన్ సూట్‌కేసులో కాక చేతి సంచిలోనే పెట్టుకోవాలన్న నియమం అందుకే. ఫోను సీటు సందులో జారిపోతే సీటు కదపకుండా సిబ్బందిని పిలవమనడమూ ఇందుకే. సీటు కింద నలిగితే బ్యాటరీ అంటుకోవచ్చు.

మంట లేకుండానే పొగ రావడమూ ఉంది. 2022 అక్టోబర్ 12 రాత్రి గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ క్యూ400 విమానంలో కాక్‌పిట్, క్యాబిన్ రెండూ పొగతో నిండాయి. అందులో 86 మంది ప్రయాణికులున్నారు. విమానం శంషాబాద్ విమానాశ్రయంలో అత్యవసరంగా దిగింది. ఒకరికి స్వల్ప గాయాలు తప్ప అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఇలాంటి పొగకు సిలిండర్‌తో పనిలేదు. ప్రయాణికులను వంగి కూర్చోమని, తడిగుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకోమని చెప్పి, ల్యాండింగ్‌కు సిద్ధం చేయాలి.

ఆ సిద్ధం చేయడానికీ ఒక క్రమం ఉంది. కెప్టెన్ సీనియర్ క్రూకు నాలుగు సంగతులు చెబుతారు: సమస్య ఏమిటి, ఏం చేయబోతున్నారు, ఎంత సమయం ఉంది, ప్రత్యేక సూచనలేమైనా ఉన్నాయా. పొరపాటు దొర్లకుండా సీనియర్ క్రూ వాటిని తిరిగి చెబుతారు. తర్వాత బెల్టులు, సీట్లు సరిచూస్తారు, సామాను సర్దుతారు, తల వంచి ఒదిగి కూర్చునే పద్ధతి చూపిస్తారు.

విమానం ఆగాక తలుపు తెరిచే ముందు అద్దంలోంచి బయట మంట ఉందేమో చూడాలి. ఉంటే ఆ తలుపు తెరవరు, జనాన్ని మరో దారికి మళ్లిస్తారు. సగం ద్వారాలతోనే 90 సెకన్లలో అందరూ బయటపడగలరని రుజువైతేనే పెద్ద విమానానికి అనుమతి దక్కుతుంది. ఆ లెక్కలో బ్యాగుల కోసం పైకి చేతులు చాపే సమయం లేదు. 2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వేపై కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని మండిపోయింది. మైకులు పనిచేయలేదు. ఎనిమిది ద్వారాల్లో మూడే వాడుకోగలిగారు. సిబ్బంది మెగాఫోన్లతో, గొంతుతో దారి చెప్పి జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలోని 379 మందినీ బయటికి పంపారు. కోస్ట్‌గార్డ్ విమానంలో మాత్రం ఐదుగురు చనిపోయారు.

ప్రయాణికులు దిగిపోయాక సిబ్బంది చూసినది చూసినట్టు నివేదిక రాయాలి. దర్యాప్తుకు అదీ ఒక ఆధారం. శంషాబాద్ ఘటనలో ఇంజిన్ ఆయిల్ కారి ఏసీ గాలిలో కలవడం వల్లే పొగ వచ్చిందని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించింది. క్యూ400 విమానాల ఇంజిన్ ఆయిల్ నమూనాలను ప్రతి 15 రోజులకోసారి పరీక్షకు పంపాలని ఆదేశించింది.