మూలనపడ్డ ల్యాప్‌టాప్... ముందుకు సాగే చదువు

మన ఇంట్లోని బీరువా పై అర ఒక్కసారి వెతికి చూద్దాం. దుప్పట్ల మధ్య, వైరు చుట్టిపెట్టిన ఛార్జరుతో సహా ఒక పాత ల్యాప్‌టాప్ కనిపిస్తుంది. నెమ్మదిగా నడుస్తోందని అబ్బాయి కొత్తది కొనుక్కున్నాడు. వేలు పోసి కొన్న వస్తువును పారేయడానికి మనసొప్పక తల్లి దాన్ని దాచింది. అదే వీధిలో, నాలుగిళ్ల అవతల, డిగ్రీ చదివే అమ్మాయి తన ప్రాజెక్టు నివేదికను తండ్రి ఫోనులో బొటనవేలితో టైపు చేస్తూ ఉంటుంది. తండ్రి పనికి బయలుదేరగానే ఆ ఫోనూ ఆయన వెంట వెళ్లిపోతుంది.

ఒక ఇంట్లో వాడని యంత్రం, మరో ఇంట్లో యంత్రం లేని చదువు. ఈ రెండిళ్లనూ కలిపే పనిని ప్రపంచంలో అనేకచోట్ల స్వచ్ఛంద సేవకులు భుజాన వేసుకున్నారు. దాతలిచ్చిన పాత కంప్యూటర్లను బాగుచేసి విద్యార్థులకు అందిస్తున్నారు. అంతటితో ఆగక, వాటిని వాడటమూ, బాగుచేయటమూ నేర్పుతున్నారు. ఈ పని ఎలా జరుగుతుందో, ఇందులో జాగ్రత్తలేమిటో తెలుసుకోవటం మనందరికీ అవసరం.

ఫోను వచ్చింది, కంప్యూటర్ రాలేదు

జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో జరిపిన 75వ విడత సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 10.7 శాతం మాత్రమే. పట్టణాల్లో ఇది 23.4 శాతం కాగా పల్లెల్లో కేవలం 4.4 శాతం. ఆ తర్వాత రెండేళ్లకే కరోనా వచ్చింది. 2020లో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు చెప్పారు. కళాశాలల పాఠాలు ఫోన్లలోకి, ల్యాప్‌టాప్‌లలోకి మారాయి. చేతిలో ఏదీ లేని పిల్లలు వెనకబడిపోయారు. చదువు ఆగిపోతుందన్న దిగులుతో ప్రాణాలు తీసుకున్న విద్యార్థుల వార్తలు ఆ ఏడాది పత్రికల్లో చదివి మనమంతా కన్నీరు పెట్టుకున్నాం.

ఆ కష్టకాలంలో చాలా కుటుంబాలు అప్పోసొప్పో చేసి ఫోను కొన్నాయి. 2020 సెప్టెంబరులో గ్రామీణ కుటుంబాలపై జరిగిన అసర్ సర్వేలో, బడిలో చేరిన పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నట్లు తేలింది. 2018లో అది 36.5 శాతమే. కానీ ఫోనులో పాఠం వినవచ్చు గాని, పది పేజీల వ్యాసం రాయటం, లెక్కల పట్టిక వేయటం, ప్రోగ్రామింగ్ నేర్చుకోవటం కష్టం. చూడటానికి ఫోను చాలు, చేయటానికి కంప్యూటర్ కావాలి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు అడిగేది ఏం చూశావని కాదు, ఏం చేయగలవని.

పోర్ట్‌లాండ్ చూపిన దారి

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ అనే నగరం ఉంది. అక్కడ 2000 సంవత్సరంలో 'ఫ్రీ గీక్' అనే సంస్థ మొదలైంది. ప్రజలు వద్దనుకున్న కంప్యూటర్లను తీసుకోవటం, బాగయ్యేవాటిని బాగుచేయటం, కానివాటిని విడదీసి పద్ధతి ప్రకారం రీసైక్లింగుకు పంపటం దాని పని. ఇంతవరకు ఇతరులూ చేశారు. ఫ్రీ గీక్ చేసిన కొత్త పని ఏమిటంటే, కంప్యూటర్ కావలసినవారిని చేయిచాచే స్థితిలో నిలబెట్టకపోవటం.

24 గంటలు సంస్థలో సేవ చేసినవారికి ఒక కంప్యూటర్ ఇచ్చే పద్ధతి పెట్టారు. మరింత నేర్చుకోవాలనుకునేవారికి ఇంకొక పద్ధతి ఉండేది. శిక్షకుల పర్యవేక్షణలో ఐదు కంప్యూటర్లు తయారుచేసి సంస్థకు అప్పగిస్తే, చేతులారా తయారుచేసుకున్న ఆరోది వారి సొంతం. డబ్బు లేనివాడు తన సమయాన్ని ఇచ్చాడు. ఇంటికి యంత్రంతోపాటు పనితనం కూడా పట్టుకెళ్లాడు. తీసుకున్నవాడే మరుసటి నెల నేర్పేవాడయ్యాడు. ఈ పద్ధతి నచ్చి కెనడాలోని వాంకూవర్ తదితర నగరాల్లో కూడా అదే పేరుతో స్వతంత్ర సంస్థలు వెలిశాయి.

ఇలాంటి ప్రయత్నాలు అంతకుముందూ ఉన్నాయి. కెనడాలో 1993లోనే ప్రభుత్వమూ, టెలిఫోన్ రంగంలోని స్వచ్ఛంద సేవకులూ కలిసి 'కంప్యూటర్స్ ఫర్ స్కూల్స్' పథకం ప్రారంభించారు. బ్రిటన్‌లోని 'కంప్యూటర్ ఎయిడ్' సంస్థ కార్యాలయాల పాత కంప్యూటర్లను బాగుచేసి ఆఫ్రికా దేశాల విద్యాలయాలకు పంపింది. 'లాబ్‌డూ' అనే సేవకుల బృందానిది మరో దారి. బాగుచేసిన ల్యాప్‌టాప్‌ను ఎలాగూ ఆ దేశానికి వెళ్తున్న ప్రయాణికుడి సామానులో పెట్టి పాఠశాలకు చేరుస్తారు. రవాణా ఖర్చు మిగులుతుంది.

పాతది కొత్తదయ్యే తీరు

ల్యాప్‌టాప్ పాతబడగానే పాడైపోయినట్టు కాదు. సాధారణంగా దాన్ని నెమ్మదింపజేసేవి కొన్నే. తిరిగే పళ్లెమున్న హార్డ్ డిస్క్ తీసి దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి వేస్తే పదేళ్ల యంత్రం కూడా చురుగ్గా లేస్తుంది. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 జీబీ చేస్తారు. ఫ్యానులో పేరుకున్న దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాస్తే, వేడెక్కి ఆగిపోయే జబ్బు పోతుంది. తేదీ, సమయం మరచిపోతుంటే లోపలున్న నాణెమంత 3 వోల్టుల బ్యాటరీ మార్చితే చాలు. ఒకే రకం ల్యాప్‌టాప్‌లు రెండు పాడైతే, ఒకదాని తెర, ఇంకొకదాని కీబోర్డు కలిపి ఒక మంచిది తయారుచేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం చొరవ పనికిరాదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జింగు పెట్టకూడదు. నిప్పంటుకునే ప్రమాదం ఉంది. అనుభవమున్నవారే దాన్ని తీసి రీసైక్లింగుకు అప్పగించాలి. అలాగే ఏ ఛార్జరు పడితే అది పెట్టకుండా వోల్టేజీ సరిపోయిందో లేదో చూసుకోవాలి.

ముందుగా తుడవాలి

దాత గుండెలో ఒక భయం ఉంటుంది. అందులో పెళ్లి ఫోటోలు, ఆధార్ కాపీ, బ్యాంకు కాగితాలు ఉంటాయి కదా అని. ఈ భయం న్యాయమైనదే. ఫైళ్లను డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ చేసినా సమాచారం పూర్తిగా పోదు. పుస్తకంలో విషయసూచిక చింపినంత మాత్రాన లోపలి పేజీలు మాయం కావు కదా! అందుకే సేవకులు హార్డ్ డిస్క్ మొత్తం మీద కొత్త అంకెలు రాసి పాతదాన్ని కప్పేస్తారు. ఎస్‌ఎస్‌డికి ఆ పద్ధతి సరిపోదు. దాని తయారీలోనే ఉన్న ప్రత్యేక చెరిపివేత ఆదేశాన్ని వాడాలి. పనిచేయని డిస్కును రంధ్రాలు చేసి ధ్వంసం చేస్తారు. మంచి సంస్థ ఏదైనా చేసే మొదటి పని ఇదే.

ఇచ్చేముందు దాత కూడా కావలసినవి కాపీ చేసుకుని, తన ఖాతాల నుంచి సైన్ అవుట్ కావాలి. పాస్‌వర్డ్ తాళాలు తీసి ఇవ్వాలి. తాళం వేసిన యంత్రాన్ని ఇస్తే, ఎంత కొత్తదైనా అది ఇటుకతో సమానం.

తెలుగులో పలకరించే తెర

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. దీంతో చక్కగా పనిచేస్తున్న యంత్రాలు కూడా పెద్ద సంఖ్యలో పాతవాటి లెక్కలో పడ్డాయి. కార్యాలయాలు వాటిని వదిలించుకుంటున్నాయి. సేవకులకు ఇది మంచి అవకాశం.

ఎందుకంటే విండోస్ లేకపోయినా కంప్యూటర్ నడుస్తుంది. లినక్స్ మింట్, లుబుంటు, డెబియన్ వంటివి ఉచితం. వీటికి లైసెన్సు రుసుము లేదు, ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకోవటం నేరం కాదు. లిబ్రె ఆఫీసులో వ్యాసాలు, పట్టికలు తయారవుతాయి. చిన్నపిల్లలకు జీకాంప్రిస్, లెక్కలకు జియోజీబ్రా ఉన్నాయి. ఇంట్లో ఇంటర్నెట్ లేని విద్యార్థికి కివిక్స్ ద్వారా వికీపీడియానే డిస్కులో నింపి ఇవ్వవచ్చు.

ఈ రంగంలో మన తెలుగువారి కృషి గర్వించదగింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ సేవకులు తెలుగులో పలకరించే లినక్స్ వ్యవస్థను తయారుచేశారు. పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' రూపొందించారు. తెర మీద తన భాష కనిపించినప్పుడు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడి బెరుకు సగం తగ్గుతుంది.

యంత్రం ఇస్తే సరిపోదు

ల్యాప్‌టాప్ పంచి, ఫోటో దిగి వెళ్లిపోయే కార్యక్రమాలు మనం చాలా చూశాం. నెల తిరగకుండానే ఏదో చిన్న లోపం వస్తుంది. అడగటానికి మనిషి ఉండడు. ఆ యంత్రం మళ్లీ బీరువా ఎక్కుతుంది. ఈసారి పేదవాడి బీరువా.

కాబట్టి నేర్పటం ఇందులో సగం పని. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009 అక్టోబరులో మొదటి 'రిపేర్ కెఫే' జరిగింది. లండన్‌లో 2012లో 'రీస్టార్ట్ ప్రాజెక్టు' మొదలైంది. వీటిలో మెకానిక్ ఒక్కడే కూర్చుని బాగుచేసి ఇవ్వడు. వస్తువు తెచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రూడ్రైవర్ వారి చేతికే ఇస్తాడు. ఒకసారి మూత విప్పి చూసిన విద్యార్థికి ఇక యంత్రమంటే భయం ఉండదు. ఇంట్లో ఆడపిల్లకు "నువ్వు ముట్టుకోకు, పాడవుతుంది" అని చెప్పే అలవాటు మనలో ఇంకా పోలేదు. ఆమె చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వటం ల్యాప్‌టాప్ ఇవ్వటమంత గొప్ప కానుక.

చెత్తను వదిలించుకోవటం దానం కాదు

ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు వెలువరించిన 2024 నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైక్లింగు చేసినట్లు లెక్క తేలింది 22.3 శాతమే. మిగిలిన వ్యర్థాల్లో కొంత పేద బస్తీలకు చేరుతోంది. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల రాగి కోసం వైర్లు కాల్చేవారు, ఆమ్లాలలో సర్క్యూట్ పలకలు కడిగేవారు ఆ విషాన్ని పీలుస్తున్నారు. వారిలో పిల్లలూ ఉండటం మరింత బాధాకరం.

దానం పేరుతో పనికిరాని సామాను పంపితే చివరికి ఆ భారం పడేది వీరి మీదే. మనకు ఎవరైనా ఇస్తే మొహం చిట్లించే వస్తువును మరొకరి చేతిలో పెట్టి దానమని సంతోషపడటం తగదు. తెర పగిలి, బోర్డు కాలిపోయిన యంత్రాన్ని దాపరికం లేకుండా "విడిభాగాల కోసం" అని చెప్పి ఇవ్వాలి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, పాత ఎలక్ట్రానిక్ వస్తువులను బాగుచేసే సంస్థలు, రీసైక్లింగు చేసేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి. పెద్ద ఎత్తున సామాను ఇచ్చే కార్యాలయాలు ఆ నమోదు చూసుకుని ఇవ్వటం మంచిది.

ల్యాప్‌టాప్ వల్ల పర్యావరణానికి కలిగే కాలుష్యంలో అధిక భాగం దాని తయారీలోనే జరిగిపోతుంది. అందువల్ల ఉన్నదాన్ని మరో నాలుగేళ్లు నడిపించినవారు విద్యార్థికే కాదు, నేలకూ గాలికీ మేలు చేసినట్టే.

మన వంతు

ఇందుకు పెద్ద భవనం అక్కర్లేదు. ఒక గది, నాలుగు బల్లలు, స్క్రూడ్రైవర్ల పెట్టె, వారానికి ఒక పూట చాలు. కంప్యూటర్ షాపులో పనిచేసే కుర్రవాడు, సెలవుల్లో ఇంటికొచ్చిన ఇంజనీరింగు విద్యార్థి, రిటైరైన ఉపాధ్యాయుడు, ముగ్గురు కలిస్తే పని మొదలవుతుంది. వచ్చిన ప్రతి యంత్రానికీ ఒక నంబరు వేసి, ఎవరిచ్చారో, ఏం మార్చారో, ఎవరికిచ్చారో ఒక పుస్తకంలో రాసుకోవాలి. లెక్క ఉన్నచోటే నమ్మకం ఉంటుంది. ఎవరికి ఇవ్వాలన్నది పరిచయాలను బట్టి కాక అవసరాన్ని బట్టి తేల్చాలి. తీసుకున్న విద్యార్థి మరో ఇద్దరికి నేర్పుతానని మాట ఇవ్వాలి. చదువు పూర్తయ్యాక ఆ యంత్రాన్ని తర్వాతివారికి అందించాలి.

మిత్రులారా! గతంలో పై తరగతికి వెళ్లిన పిల్లల పాఠ్యపుస్తకాలకు అట్టలు వేసి కింది తరగతి పిల్లలకు ఇచ్చేవాళ్లం. అందులో ఇచ్చినవాడు పెద్దా కాలేదు, తీసుకున్నవాడు చిన్నా కాలేదు. ఈనాటి పాఠ్యపుస్తకం ల్యాప్‌టాప్. ఈ సాయంత్రం ఆ బీరువా తెరవండి. దుమ్ము తుడిచి ఛార్జరుతో సహా బయటికి తీయండి. నాలుగిళ్ల అవతల ఒక అమ్మాయి దాని కోసం ఎదురుచూస్తోంది.