గబ్బిలములకు విందుచేయు పూలు

సంజవేళ రాజమహేంద్రవరపు గోదావరి గట్టున గబ్బిలముల యెగురుటను నేను చూచుచుందును. అవి యిల్లు చొచ్చిన కీడని తలంచి మఱ్ఱిచెట్టునే నరికించువారు మనలో కలరు. ఆ కీడు ప్రాణినే జాషువా కవి 1941లో తన ‘గబ్బిలము’ కావ్యమున దూతగా చేసెను.

మన గబ్బిలములు ముఖ్యముగా రెండు తెగలు. పండ్లు, పూదేనె గ్రోలునవి ఇప్ప, బూరుగు, అరటి పూలకు రాత్రివేళ పుప్పొడి చేరవేయును. రెండవ తెగ పురుగులను తినును. థాయిలాండునందు వరిని చెఱచు దోమలను ఇవి భక్షించుట శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఈ రెండవ తెగకు తేనెతో పనిలేదు, పురుగు కావలయును. కావున మాపటివేళ విచ్చు చంద్రకాంతను, రాధామనోహరమును దొడ్లలో నాటుడు. కడియము తోటలలో మొక్కలు దొరకును. వాని పరిమళమునకు రెక్కపురుగులును, పురుగులకై గబ్బిలములును వచ్చును. అచ్చట పురుగుమందు చల్లినచో విందు చెడును.

అయినను గబ్బిలము కొఱికిన పండు తినరాదు. నేలబడిన గబ్బిలమును వట్టిచేత తాకరాదు.

తల్లిగబ్బిలము కాన్పునకు సాధారణముగా నొక్క పిల్లనే కనును. మఱ్ఱిని నరికించుట యొక పూట పని. అట్టి మఱ్ఱి మరల నెదుగుటకు మన యాయువు చాలదు. గొడ్డలి యెత్తకముందే యోచింపుడని నా మనవి.