గోడలకు చెవులు పెట్టిన ముత్యం పిన్ని

“గోడలకు చెవులుంటాయి” అని మన పెద్దలు అంటారు. మీరూ చిన్నప్పుడు వినే ఉంటారు. ఎవరైనా గుట్టు విప్పబోతే గొంతు తగ్గించమని చెప్పడానికి ఈ సామెత వాడతాం. కువైట్ టీవీలో ఒక పెద్దావిడ ఈ సామెతను నిజం చేసి చూపించింది. ఆమె పేరు గ్మాషా. ఇంటి పెత్తనమంతా ఆమెదే. కొడుకులు, కోడళ్లు తన వెనక ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని, ఇంట్లో దొంగచాటుగా వినే యంత్రాలు పెట్టించింది. తన చోట తాను కూర్చుని అన్నీ వింటుంది. తరువాత ఏమీ ఎరగనట్టు వచ్చి ఒక్కొక్కరి పని పడుతుంది.

ఇది 1983లో వచ్చిన ‘ఖాల్తీ గ్మాషా’ అనే హాస్య ధారావాహిక. అరబీలో ‘ఖాల్తీ’ అంటే మా అమ్మ తోబుట్టువు, అంటే మా పిన్ని లేదా పెద్దమ్మ. గల్ఫ్ వాళ్ల పాత వాడుకలో ‘గ్మాష్’ అంటే ముత్యాలు. కాబట్టి మనం ఆమెను ‘ముత్యం పిన్ని’ అని పిలుచుకోవచ్చు. ఆంధ్ర పల్లెల్లో ముత్యాలమ్మ గుళ్లు ఎన్నో ఉన్నాయి. పేరు మనకు కొత్తగా అనిపించదు.

ముత్యం పిన్నిగా నటించినవారు హయాత్ అల్-ఫహద్. ఆమె 1948లో పుట్టారు. అంటే ఆ పెద్ద వయసు అత్తగారి వేషం వేసేనాటికి ఆమెకు 35 ఏళ్లే.

ఆమె గురించి ఈ పత్రికలో ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. మన తాతముత్తాతలు 1860 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాల్ చెరకు తోటలకు వచ్చారు. మన కాలంలో కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు విమానం ఎక్కి కువైట్ ఇళ్లలో పనికి వెళుతున్నారు. వాళ్లు వంట చేసే ఇళ్లలో, ముందుగదిలో నవ్వులు పూయించిన ముఖం హయాత్ గారిది. ఆ నవ్వులో వంటింటి మనిషికి ఎంత చోటు ఉంది? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని చదవండి.

మగవాళ్లే అమ్మలైన రోజులు

కువైట్ 1961 జూన్‌లో స్వతంత్ర దేశమైంది. అదే ఏడాది నవంబరులో అక్కడ టీవీ మొదలైంది. మన దక్షిణాఫ్రికాలో టీవీ 1976 జనవరిలో గాని రాలేదు. ఈ విషయంలో ఆ చిన్న దేశం మనకంటే ముందుంది.

కానీ ఆడవాళ్లు రంగం ఎక్కడం అక్కడ అంత తేలిక కాలేదు. చాలాకాలం నాటకాల్లో ఆడ వేషాలు మగవాళ్లే వేసేవారు. ఇది మనకు తెలియని సంగతి కాదు. తెలుగు నాటకంలో స్థానం నరసింహారావు గారు సత్యభామగా పేరు తెచ్చుకున్నారు కదా. కువైట్‌లో ఈజిప్టు నుంచి వచ్చిన నాటకాచార్యుడు జకీ తులైమాత్ ఒక నాటక బృందాన్ని తయారుచేశారు. 1962లో ఆ బృందం ఆడిన నాటకంలో మర్యమ్ అల్-సాలిహ్, మర్యమ్ అల్-గద్బాన్ అనే ఇద్దరు కువైటీ స్త్రీలు వేదిక ఎక్కారు. వాళ్లు వేసిన దారిలోనే, 1960లలో హయాత్ అల్-ఫహద్ టీవీలోకి వచ్చారు.

అయినా పాత అలవాటు వెంటనే పోలేదు. 1977లో ‘దర్బ్ అల్-జలగ్’ అనే హాస్య ధారావాహిక వచ్చింది. కువైట్ వాళ్లు ఈనాటికీ అందులోని మాటలు చెప్పుకుని నవ్వుకుంటారు. అందులో ఇద్దరు అన్నదమ్ముల తల్లి పాత్ర వేసింది అబ్దుల్ అజీజ్ అల్-నిమిష్ అనే పురుషుడు. జనం ఆయనను ఎంతో మెచ్చుకున్నారు. ఆరేళ్ల తరువాత హయాత్ గారు ముత్యం పిన్నిగా కూర్చున్న పీట అంతకుముందు మగవాడు కూర్చున్నదే. ఆమె ఆ పీటను ఆడవాళ్ల సొంతం చేశారు.

హయాత్ గారి చదువు గురించి కూడా మీకు చెప్పాలి. ఆమె ప్రాథమిక పాఠశాల చదువైనా పూర్తి చేయలేదు. చదవడం, రాయడం తనంతట తానే నేర్చుకున్నారు. అలాంటి మనిషి తరువాత టీవీ కోసం కథలు కూడా రాశారు. వారానికి ఒక్కరోజు గుడి తరగతిలో అక్షరాలు దిద్దుకుని తెలుగు నేర్చుకున్నవాళ్లం మనం. ఆ కష్టం విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ముత్యాల వెనక అప్పులు

హయాత్ గారికి తల్లి వేషాలు చాలా తొందరగా వచ్చాయి. 1972లో ‘బస్ యా బహర్’ అనే సినిమా వచ్చింది. ‘ఇక చాలు, ఓ సముద్రమా’ అని దాని అర్థం. కువైట్‌లో తీసిన మొదటి పెద్ద కథాచిత్రం అదే. దర్శకుడు ఖాలిద్ అల్-సిద్దీఖ్. అందులో ఆమె ఒక పెళ్లీడు కొడుకుకు తల్లి. అప్పుడు ఆమె వయసు 24.

కథ చమురు దొరకకముందు నాటిది. తండ్రి ముత్యాల కోసం సముద్రంలో మునిగి మునిగి, చివరికి వికలాంగుడై ఇంట్లో కూర్చున్నాడు. కొడుకు ప్రేమించిన పిల్లను పెళ్లాడడానికి డబ్బు కావాలి. అందుకని అతనూ అదే సముద్రానికి వెళతాడు. తిరిగి రాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆ రోజుల్లో ముత్యాల కోసం మునిగేవాళ్లు పడవ యజమాని దగ్గర ముందుగా అప్పు తీసుకునేవారు. అప్పు తీరేదాకా ఆ పడవ వదిలి వెళ్లడానికి లేదు. తండ్రి పోతే అప్పు కొడుకు మీద పడేది. మన పెద్దలు నేటాల్‌లో అయిదేళ్ల ఒప్పందానికి వేలిముద్ర వేశారు. మొదటి ఏడాది మగవాడి కూలి నెలకు 10 షిల్లింగులు. చీటీ లేకుండా తోట దాటితే శిక్ష. కట్టు వేరు, కానీ కట్టుబడడం ఒకటే. కువైట్ వాళ్ల తాతలకు కూడా ఆ బాధ తెలుసు. ఆ బాధను తెర మీద తన ముఖంలో చూపించిన తల్లి హయాత్ అల్-ఫహద్.

ఇద్దరు ఆడవాళ్లు, ఒక నవ్వు

సినిమాలో ఏడిపించిన ఆమె టీవీలో నవ్వించారు. 1980లు ఆమె హాస్యానికి బంగారు కాలం. ఆమెకు సరిజోడు సుఆద్ అబ్దుల్లా అనే మరో గొప్ప నటి. ఇద్దరూ కలిసి 1986లో ‘రుఖయ్యా వ సబీకా’ చేశారు. ఆ పేరులో ఉన్నవి రెండూ ఆడవాళ్ల పేర్లే. మరుసటి ఏడాది ‘అలద్దున్యా అస్సలామ్’ వచ్చింది. అందులో వాళ్లు మహ్జూజా, మబ్రూకా అనే అక్కచెల్లెళ్లు. మహ్జూజా అంటే అదృష్టవంతురాలు. మబ్రూకా అంటే దీవెన పొందినది. అంత మంచి పేర్లు పెట్టుకున్న ఆ ఇద్దరూ పిచ్చాసుపత్రి నుంచి బయటికి వచ్చినవాళ్లు! బయటి లోకం తీరు చూసి ఎవరికి పిచ్చి, ఎవరికి కాదు అని చూసేవాళ్లకే అనుమానం వస్తుంది.

నాకు అరబీ రాదు. ఆమె నటనను కళ్లతోనే చదివాను. మాట అర్థం కాకపోయినా ఆమె కనుబొమ్మ ఎత్తడం, మూతి బిగించడం, కూర్చున్నచోటు నుంచే ఇల్లంతా ఏలడం అర్థమవుతాయి. ఆమెను చూస్తుంటే నాకు మన సూర్యకాంతం గారు గుర్తుకు వచ్చారు. ‘గుండమ్మ కథ’ 1962లో వచ్చింది. అప్పటికి సూర్యకాంతం గారికి 37 ఏళ్లు. ఆమె గయ్యాళి వేషాలు చూసి భయపడి, తెలుగువాళ్లు ఆడపిల్లలకు సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారని చెప్పుకుంటారు. ఇద్దరూ నడివయసు రాకముందే అత్తగార్లయ్యారు. ఇద్దరి దగ్గరా ఒకటే కిటుకు: పెత్తనం చేసే మనిషి లోపల ఉన్న భయాన్ని చూపించడం. కొడుకు చేజారిపోతాడేమో అన్న భయం లేకపోతే ముత్యం పిన్ని గోడలకు చెవులు పెట్టదు.

మీరు ఈ పాత ధారావాహికలు చూస్తే ఇంకో వినోదం ఉంది. కువైట్ వాళ్ల వాడుకలో మనకు తెలిసిన మాటలు దొరుకుతాయి. ఇనప్పెట్టెకు ‘తిజోరీ’. పంకాకు ‘బంకా’, ఎందుకంటే అరబీలో ‘ప’ లేదు. ఊరగాయకు ‘అచార్’. ఇవి బొంబాయి వ్యాపారంతో ఓడల్లో వెళ్లిన మాటలు. 1961లో దినార్ వచ్చేదాకా కువైట్‌లో నడిచింది కూడా రూపాయే. మన మాటలు ఆ ఇంట్లోకి మన మనుషులకంటే ముందే వెళ్లాయి.

2020లో అన్న మాట

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. దీన్ని వదిలేసి ఆమెను పొగడడం మీకు న్యాయం చేసినట్టు కాదు.

2020లో కరోనా మొదలైన వారాల్లో హయాత్ గారు ఒక టీవీ కార్యక్రమంతో ఫోనులో మాట్లాడారు. పరాయి దేశాల పనివాళ్ల వల్ల ఆసుపత్రుల్లో తమకు చోటు దొరకదని, విసిగిపోయామని అన్నారు. వాళ్లను వాళ్ల దేశాలే వద్దంటే మేమెందుకు చూసుకోవాలని అడిగారు. పంపించేయాలన్నారు, ఎడారిలో పడేయాలన్న మాట కూడా అన్నారు. ఆ మాట అరబ్బు దేశాలు దాటి ప్రపంచమంతా పాకింది. చాలామంది కోప్పడ్డారు. తన ఉద్దేశం అది కాదని ఆమె తరువాత వివరణ ఇచ్చారు. కానీ నోరు జారిన మాట వెనక్కి రాదు.

కువైట్ జనంలో పది మందిలో ఏడుగురు దాకా పరాయి దేశాలవాళ్లే. వాళ్లలో అందరికంటే ఎక్కువమంది భారతీయులు. ఆ ఎండలో భవనాలు కట్టేదీ, ఆ ఆసుపత్రుల్లో నర్సులుగా నిలబడేదీ, ఆ ఇళ్లలో పిల్లలను ఎత్తుకునేదీ ఎక్కువగా వాళ్లే. ఆ ఏప్రిల్‌లోనే కువైట్ ప్రభుత్వం కాగితాలు సరిగా లేని పనివాళ్లకు జరిమానా లేకుండా వెళ్లిపోయే వీలు ఇచ్చింది. తెలుగువాళ్లు కూడా ఎందరో ఆ వరుసల్లో నిలబడ్డారు.

ఇందులో ఒక వింత ఉంది. కొద్ది వారాలకే రంజాన్ నెల వచ్చింది. ఆ నెలలో ‘ఉమ్ హారూన్’ అనే కొత్త ధారావాహిక ప్రసారమైంది. 1940లలో గల్ఫ్ ఊరిలో బతికే ఒక యూదు మంత్రసాని కథ అది. ఊరివాళ్ల బిడ్డలకు పురుడు పోసినా, ఊరికి పరాయిగానే మిగిలిన స్త్రీ. ఆ పాత్ర వేసింది హయాత్ అల్-ఫహద్. పరాయి మనిషి బాధ ఆమెకు తెలియదని అనలేం. తెర మీద తెలిసినది ఫోనులో గుర్తుకు రాలేదు.

ఏం చేద్దాం?

ఆమె ధారావాహికలు చూడవద్దని నేను మీకు చెప్పను. నేనూ మానను. ముత్యం పిన్నిని చూసి నవ్వడం ఆ ఫోను మాటను ఒప్పుకోవడం కాదు. కానీ నవ్వు ఒక్కటే మనకు ఇంట్లో చోటు ఇవ్వదు. చోటు ఇచ్చేది చట్టం, దాన్ని పాటించే మనుషులు. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ల కోసం చట్టం చేసింది. వారానికి ఒక రోజు సెలవు. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం నెలకు 60 దినార్లని నిర్ణయించారు. కాగితం మీద ఇది మన పెద్దల ఒప్పందం కంటే ఎంతో మేలు. అయితే తలుపు వేసిన ఇంట్లో అది ఎంత నడుస్తుందో అడిగేవాళ్లు కావాలి. నేటాల్ తోటల్లో మనవాళ్ల తరఫున అలా అడిగినవాళ్లు ఉండబట్టే 1911లో కూలీల ఓడలు ఆగిపోయాయి.

టీచరును కదా, చివర ఒక ఇంటిపని ఇవ్వకుండా ఉండలేను. ‘ఖాల్తీ గ్మాషా’లో ఒక భాగం చూడండి. తరువాత ఆ ఇంటి వంటింట్లో కడప నుంచి వచ్చిన ఒక అక్క ఉందనుకోండి. గిన్నెలు తోముతూ ఆమె తనలో తాను ఏమనుకుంటుందో అయిదు వాక్యాలు తెలుగులో రాయండి. ముత్యం పిన్ని యంత్రం ఆ మాటలను పట్టుకోగలదు, కానీ ఆ ఇంట్లో ఎవరికీ అవి అర్థం కావు. మీకు అర్థమవుతాయి.