మబ్బుల కొండల నడుమ రంగుల గ్రామం: రిజాల్ అల్మా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌తో సంబంధం లేని వీధి అరుదు. ఒక ఇంటి కుమారుడు రియాద్‌లో ఉంటే, పక్కింటి అల్లుడు దమ్మామ్‌లో ఉంటాడు. అయినప్పటికీ సౌదీ అరేబియా అనగానే మన ఇళ్లలో కళ్లముందు మెదిలేవి రెండే దృశ్యాలు. ఒకటి పవిత్ర నగరాలైన మక్కా, మదీనాలు; రెండవది మండుటెండలో ఇసుక మైదానం. ఆ దేశంలో మబ్బులు గుమ్మం దాకా వచ్చే ఊళ్లున్నాయనీ, వేసవి రాత్రుల్లోనూ దుప్పటి కప్పుకునే పట్టణాలున్నాయనీ, మెట్లు మెట్లుగా మలచిన కొండవాలుల్లో కాఫీ పండుతుందనీ అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవారిలోనూ చాలామంది ఎరుగరు.

ఉమ్రా నిమిత్తం వెళ్లిన మేము, పై మూడు పట్టణాలకు చెందిన నాలుగు కుటుంబాల వారం, ఆరాధనలు ముగిసిన పిమ్మట మూడు రోజులు నైరుతి సౌదీలోని అసీర్ ప్రాంతంలో గడిపాము. మా బంధువుల్లో కొందరు అక్కడి అబహా, ఖమీస్ ముషైత్ పట్టణాల్లో పనిచేస్తున్నారు. వారిని కలుసుకోవడం మా మొదటి ఉద్దేశం. రిజాల్ అల్మా అనే ప్రాచీన గ్రామాన్ని చూడడం రెండవది. మొదటిది లేకుండా రెండవదాన్ని మేము సరిగా చూసి ఉండేవారం కాదని తర్వాత అర్థమైంది.

మబ్బుల్లోంచి లోయలోకి

జిద్దా నుంచి అబహా 600 కిలోమీటర్లకు పైగా దూరం. విమానంలో గంట ప్రయాణం. ఎర్రసముద్రానికి సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా సాగే సరవాత్ పర్వతశ్రేణి మీద, సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది అబహా నగరం. దానికి సమీపంలోని ఖమీస్ ముషైత్ పెద్ద వాణిజ్య కేంద్రం. అరబీలో 'ఖమీస్' అంటే గురువారం. పూర్వం అక్కడ గురువారపు సంత జరిగేది కనుక ఆ పేరు నిలిచింది. వారంలో ఒకనాడు అంగడి సాగే మన పల్లెల నుంచి వెళ్లినవారికి ఈ మాట వినగానే ఆ ఊరు కొంత దగ్గరైనట్లు తోస్తుంది.

అబహా నుంచి పడమరగా సౌదా పర్వతం వైపు వెళ్తే ఎత్తు 3,000 మీటర్లకు చేరువవుతుంది. అక్కడ జునిపెర్ వృక్షాల అడవి ఉంది. ఆ చెట్టును స్థానికులు 'అర్అర్' అంటారు. మబ్బు కమ్మినప్పుడు పది అడుగుల దూరంలోని మనిషి కనిపించడు. రోడ్డు పక్కన బబూన్ కోతులు గుంపులుగా కూర్చుని ఉంటాయి. అక్కడి నుంచి కొండ అంచును ఒరుసుకుంటూ, మలుపు మీద మలుపుగా, సొరంగాల గుండా దారి లోయలోకి దిగుతుంది. దిగేకొద్దీ చలి తగ్గి గాలి వెచ్చబడుతుంది. అబహాకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, ఆ దారి చివర, నిటారు కొండల నడుమ రిజాల్ అల్మా కనిపిస్తుంది.

రాతి మేడలు

మొదట కనిపించేది రంగు కాదు, రాయి. స్థానికంగా దొరికే రాళ్లను పేర్చి, మట్టితో, కలపతో కట్టిన దాదాపు 60 భవనాలు కొండవాలున ఒకదాని భుజం మీద ఒకటి నిలబడినట్లు ఉంటాయి. కొన్ని మూడు నాలుగు అంతస్తులు, కొన్ని అంతకు మించి. కిటికీలు చిన్నవి. వాటి చుట్టూ, పైకప్పు అంచుల వెంట తెల్లని పలుగురాళ్లతో గీతలు తీర్చారు. కిటికీల చెక్కతలుపులకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు, పసుపు రంగులు.

ఈ గ్రామం యెమన్ నుంచి, ఎర్రసముద్ర తీరం నుంచి మక్కా వైపు సాగిన పాత వర్తక మార్గంలో ఉంది. ఒంటెల బిడారులు ఆగిన చోట సంపద నిలిచింది; ఆ సంపదే ఈ మేడలైంది. కాలక్రమంలో కొత్త రహదారులు వచ్చాయి, కుటుంబాలు పట్టణాలకు తరలిపోయాయి, పాత ఇళ్లు బోసిపోయాయి. ఇంతవరకు ఈ కథ మన ఊళ్ల పెంకుటిళ్ల కథే. తరువాతి భాగం మాత్రం వేరు. 1980వ దశకంలో గ్రామస్థులే పూనుకొని అల్వాన్ కోట అనే భవనాన్ని బాగుచేసుకొని అందులో ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు. ఇళ్లలోని పాత సామాను, వ్యవసాయ పనిముట్లు, ఆయుధాలు, రాతప్రతులు తెచ్చి ఇచ్చారు. స్త్రీలు తమ వెండి నగలు ఇచ్చారు. ప్రభుత్వ సహాయం, ప్రపంచ గుర్తింపు ఆ తర్వాత వచ్చినవి. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో రిజాల్ అల్మా ఒకటి.

గోడల మీద తల్లుల చేతిరాత

'రిజాల్' అంటే పురుషులు. అల్మా తెగ పురుషుల ఊరు అని ఆ పేరుకు అర్థం. కానీ ఆ ఊరికి పేరు తెచ్చిన రంగులు స్త్రీలవి.

ఇంట్లోకి అడుగుపెట్టి అతిథుల గదిలో కూర్చుంటే నాలుగు గోడలూ మాట్లాడుతున్నట్లుంటాయి. తెల్లని జిప్సం పూత మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు రంగుల్లో త్రికోణాలు, గళ్లు, అడ్డగీతలు, చుక్కల వరుసలు గది పొడవునా సాగుతాయి. ప్రాణుల బొమ్మలు లేవు. గీత, కోణం, రంగు మాత్రమే. ఈ కళను 'అల్ ఖత్త్ అల్ అసీరీ' అంటారు. ఒక ఇంట్లో గోడలు అలంకరించదలచినప్పుడు ఆ ఇంటి ఇల్లాలు తన బంధువుల్లోని స్త్రీలను, ముసలివారి నుంచి బాలికల వరకు, సాయానికి పిలుస్తుంది. అందరూ కలిసి గీస్తారు. అమ్మమ్మ చెయ్యి చూసి మనుమరాలు నేర్చుకుంటుంది. 2017లో యునెస్కో ఈ కళను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ ఊరి ఆడబిడ్డ, 2010లో మరణించిన ఫాతిమా అబూ గహాస్ ఈ కళకు పేరెన్నికగన్న ప్రతినిధి. మరుగున పడుతున్న విద్యను ఆమె ఇతర స్త్రీలకు నేర్పించి నిలబెట్టారు.

మాతో వచ్చినవారిలో కోరుట్లకు చెందిన ఒక పెద్దమ్మ ఉన్నారు. నలభై ఏళ్లుగా బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. ఆమె గోడకు దగ్గరగా వెళ్లి, ఒక్కొక్క గీతను చూపుతోనే కొలిచినట్లు చాలాసేపు నిలబడ్డారు. "స్కేలు పెట్టకుండా గీసిన్రు. చేతికి లెక్క తెలుస్తది" అన్నారు. తునికాకును ఒకే కొలతకు కత్తిరించి, ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట కట్టిన చేతులకు ఆ గోడ రహస్యం మాకంటే ముందు తెలిసింది. సిరిసిల్ల నుంచి వచ్చిన సోదరుడు మరమగ్గాల మీద పనిచేసినవాడు. గోడ మీది అంచులను చూసి చీర అంచుల లెక్క చెప్పుకొచ్చాడు. చేతిపని చేసేవారు చేతిపనిని గుర్తుపడతారు, భాష తెలియకపోయినా.

మానవుల భాషల్లోని, వర్ణాల్లోని వైవిధ్యాన్ని దివ్యఖుర్ఆన్ (రూమ్ సూరా, 22) దైవసూచనగా పేర్కొన్నది. పర్వతాల్లోని తెలుపు, ఎరుపు, నలుపు చారలను (ఫాతిర్ సూరా, 27) చూసి ఆలోచించమన్నది. ఆ కొండల చారలు, ఈ గోడల చారలు ఒకే చోట కనిపించినప్పుడు ఆ మాటలు మా మనసులో మెదిలాయి.

కాఫీ కొండలు, గహ్వా మర్యాద

అసీర్, జాజాన్, అల్ బాహా ప్రాంతాల కొండలు సౌదీ కాఫీకి పుట్టిళ్లు. జాజాన్ కొండల్లో పండే ఖౌలానీ కాఫీ సాగు విజ్ఞానాన్ని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. విత్తనాలను మట్టి, ఇసుక నింపిన సంచుల్లో నాటి మూడు నాలుగు నెలలు నీడన పెంచుతారు. ఆపై రాతిగట్లు కట్టిన మెట్ల మళ్లలోకి మారుస్తారు. ఆ గట్లే వాననీటిని, మట్టిని జారిపోకుండా నిలుపుతాయి. రెండు మూడేళ్లకు కాపు వస్తుంది. పండిన ఎర్రని కాయలను చేత్తో కోసి ఎండబెడతారు.

కాఫీ పానీయంగా ప్రచారం పొందింది 15వ శతాబ్దంలో, పొరుగునే ఉన్న యెమన్‌లో. రాత్రి ఆరాధనల్లో నిద్ర రాకుండా సూఫీలు దానిని సేవించేవారు. 1511లో మక్కాలో అధికారిగా ఉన్న ఖైర్ బేగ్ దానిని నిషేధించాడు. కైరో ప్రభుత్వం ఆ నిషేధాన్ని సమర్థించలేదు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ హజ్ నుంచి తిరిగివస్తూ యెమన్ రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటారని ప్రతీతి. నేడు తెలుగునేల మీద అరకు లోయలో ఆదివాసీ రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. మనం చాయ్ తాగే కుటుంబాల వాళ్లమే అయినా, ఈ గింజ ప్రయాణం మనకు పరాయిది కాదు.

అరబ్బుల గహ్వా మన కాఫీ వంటిది కాదు. గింజలను లేతగా వేయించి, దంచి, యాలకులు వేసి మరిగిస్తారు. రంగు లేత బంగారు ఛాయ. పాలు ఉండవు, తీపికి పక్కన ఖర్జూరాలు పెడతారు. వడ్డించేవారు 'దల్లా' అనే ముక్కుపాత్రను ఎడమచేత, 'ఫింజాన్' అనే చిన్నగిన్నెను కుడిచేత పట్టుకుంటారు. మొదటి గిన్నె పెద్దలకు లేదా ముఖ్య అతిథికి. గిన్నెలో పావువంతు మాత్రమే పోస్తారు. చాలనుకుంటే గిన్నెను కాస్త ఊపి ఇవ్వాలి. లేదంటే మళ్లీ పోస్తూనే ఉంటారు.

బండి దగ్గర ఆగిపోయినవారు

ఆ పెద్దమ్మ కుమారుడు పదకొండేళ్లుగా ఖమీస్ ముషైత్‌లో ఇంటి డ్రైవరు. మమ్మల్ని రిజాల్ అల్మాకు తీసుకువచ్చింది అతడే. ఊరి వాకిట బండి ఆపి, అలవాటు చొప్పున అక్కడే ఉండబోయాడు.

"ఇన్నేండ్లు ఇక్కడుండి ఇది చూడలేదా బేటా?" అని తల్లి అడిగారు.

"చానాసార్లు వచ్చిన అమ్మీ. అందర్నీ దింపి బండి దగ్గర్నే ఉంటుంటి."

ఆమె మరేమీ అనలేదు. అతని చెయ్యి పట్టుకొని లోపలికి నడిచారు. సెలవు దొరికి, టికెట్టు డబ్బులు కూడినప్పుడల్లా రెండేళ్లకో మూడేళ్లకో ఇంటికి వచ్చే కుమారుడిని, అతడు బతుకుతున్న చోట ఆ తల్లి చూడడం అదే మొదటిసారి.

గోడల గది చూసి బయటికి వచ్చాక, స్థానికుడైన ఒక వృద్ధుడు మమ్మల్ని చూసి కూర్చోమన్నాడు. ఖర్జూరాలు, గహ్వా తెప్పించాడు. దల్లా రాగానే మా డ్రైవరు సోదరుడు చప్పున లేచి దాన్ని అందుకోబోయాడు. యజమాని ఇంటి మజ్లిస్‌లో ఏళ్లుగా అందరికీ వడ్డించిన చెయ్యి అది. వృద్ధుడు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, అరబీలో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగితే, "ఈరోజు నువ్వు అతిథివి అంటున్నడు" అని చెప్పి తల దించుకున్నాడు. మొదటి ఫింజాన్ అతని తల్లికి అందింది. రెండవది అతనికి.

అతిథిని గౌరవించడం విశ్వాసానికి చెందిన విషయమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. అపరిచితులు గుమ్మంలోకి రాగానే వారెవరో పూర్తిగా తెలియకముందే బలిసిన దూడ మాంసం తెచ్చిపెట్టిన ఇబ్రాహీమ్ (అ) ఉదంతం జారియాత్ సూరాలో ఉంది. ఆ ఉదంతాన్ని మనం ఇచ్చేవారి వైపు నుంచి చదువుతాం. ఆనాడు మేము దాన్ని పుచ్చుకునేవారి వైపు నుంచి చూశాము. ఇన్నేళ్లు వంచిన తల ఒక గిన్నెడు గహ్వాతో ఎత్తుకోగలదని చూశాము.

మనం చేయగలిగినవి

ఉమ్రాకు వెళ్లే కుటుంబాలకు మా విన్నపం ఒకటే. మీ పిల్లలు ఆ దేశంలో ఎక్కడ పనిచేస్తున్నా, వీలైతే వారి ఊరికి వెళ్లి రండి. ఉమ్రా వీసా మీద దేశంలోని ఇతర నగరాలకు వెళ్లే వీలు ఇప్పుడు ఉంది; బయలుదేరే ముందే ఏజెంటుతో మాట్లాడి తిరుగు టికెట్టు తేదీలు సరిచూసుకోండి. కుమారుడి సెలవు దినం ముందుగా తెలుసుకోండి. అసీర్‌కు వెళ్లేవారు శాలువాలు, వాంతుల మాత్రలు తప్పక ఉంచుకోవాలి. కోతులకు తిండి వేయరాదు. అక్కడి స్త్రీలను అనుమతి లేకుండా ఫొటో తీయరాదు.

రెండవ మాట మన ఊళ్ల గురించి. జగిత్యాలలో నక్షత్రాకారపు కోట ఉంది. 1747లో జఫరుద్దౌలా దానిని ఫ్రెంచి ఇంజినీర్ల చేత కట్టించాడని చెబుతారు. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి చూపినవారు మనలో ఎందరు? సిరిసిల్ల మగ్గాల రంగులు, బీడీల చాటల ముందు గడిచిన తల్లుల ఏళ్లు, ఉమ్మడి ఇళ్లలో పండుగకు ముందు అందరూ కలిసి సున్నం వేసిన రోజులు, ఇవన్నీ కూడా భద్రపరచవలసినవే. రిజాల్ అల్మా వాసులు ఎవరో వచ్చి చేస్తారని ఎదురుచూడలేదు. ఇంట్లో ఉన్నది తెచ్చి ఇచ్చారు.

పరాయి దేశాల్లో ఇతరుల గుమ్మాల ముందు బండి ఆపి నిలబడిన మన బిడ్డలందరికీ, ఒకనాడైనా తమ తల్లుల పక్కన అతిథులుగా కూర్చునే భాగ్యం అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.