కుట్టు విప్పగలిగితేనే పుస్తకానికి ఆయుష్షు

పాత పుస్తకాన్ని గట్టిగా బైండు చేయించడం ఒక్కటే చాలదు. మళ్లీ విప్పేందుకు వీలుండాలంటుంది ఢిల్లీ అనుభవం

నాలుగుసార్లు తెరిచేసరికి కొత్త పేపర్‌బ్యాక్‌లోంచి కాగితాలు ఊడొస్తుంటాయి. కారణం, అందులో కుట్టు ఉండదు. వెన్ను అంచును కోసి వేడి జిగురుతో అట్టకు అతికించేస్తారు. చేతి బైండింగ్ పద్ధతి వేరు. ఒక్కో ఫారాన్ని మడత మధ్యలోంచి నూలు దారంతో కుట్టి, పక్క ఫారంతో ముడివేస్తారు. ఆ తర్వాతే అట్ట, దానిపై కాలికో గుడ్డ లేదా తోలు, లోపల రంగు కాగితం.

పాత ఢిల్లీలో ఈ పని పేరు జిల్ద్‌సాజీ. అరబీలో జిల్ద్ అంటే చర్మం. మొఘలుల కాలంలో తోలు అట్టలపై బంగారు నగిషీలు చెక్కేవారు. నీటిపై రంగులు తేలించి కాగితానికి పట్టించే అబ్రీ చిత్రాలకు అంచులయ్యేది. అబ్ర్ అంటే మబ్బు.

అందం సంగతి అలా ఉంచితే, అసలు సమస్య మన్నిక. 1891లో కలకత్తాలో మొదలై తర్వాత ఢిల్లీకి తరలిన జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) అందుకు 1950లలో ఓ చవకైన ఉపాయం కనిపెట్టింది. చివికిన కాగితానికి రెండువైపులా సెల్యులోజ్ అసిటేట్ పొర, దానిపై టిష్యూ కాగితం పేర్చి, అసిటోన్‌లో తడిపిన దూదితో రుద్దడమే. యంత్రం, కరెంటు అక్కర్లేదు. రూపకర్త పేరిట అది గోయల్ పద్ధతిగా విదేశాలకూ పాకింది. అయితే అసిటేట్ పాతబడితే ఆమ్లం విడుదలవుతుందని, దాన్ని తొలగించడం సులువు కాదని తర్వాత తేలింది. అందుకే సంరక్షకులిప్పుడు జపాన్ టిష్యూ, పిండి జిగురు వైపు మొగ్గుతున్నారు. నీటి తడికి ఆ జిగురు వదిలేస్తుంది.

బైండర్లు వాడే మైదా జిగురుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం మామూలే. కానీ అందులోని రాగి ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్నే పెళుసుబారుస్తుంది.

కాబట్టి తాతల నాటి పుస్తకాన్ని బైండింగ్‌కు ఇచ్చేటప్పుడు మూడు మాటలు ముందే చెప్పాలి. అంచులు కత్తిరించొద్దు. పక్క నుంచి రంధ్రాలు పొడిచి కుట్టొద్దు. సెల్లోటేపు, తెల్లటి సింథటిక్ జిగురు వాడొద్దు. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే, ఆ బైండరు ఈ కుట్టు విప్పగలగాలి.